పట్టాలు దిగిన చుక్క

పాదరసం గారికి ఆ పేరు చురుకుదనం వల్ల వచ్చింది కాదు. ఆయన నడక చూసినవాళ్లకు తాబేలుకే కాస్త తొందరెక్కువేమో అనిపిస్తుంది. ఆయన ఉద్యోగమంతా వాతావరణ కేంద్రంలో గడిచింది. కేంద్రం పెరట్లో తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. గాలి ఆడేలా, ఎండ మాత్రం పడకుండా కట్టిన ఆ పెట్టెలోని ఉష్ణమాపకంలో పాదరసం ఎందాకా ఎక్కిందో చూసి చెప్పడమే ఆయన పని. వానైనా వరదైనా, ఇంట్లో పెళ్లైనా సరే, వేళకు వెళ్లి పెట్టె తలుపు తెరవాల్సిందే. పదవీ విరమణతో పెట్టె అక్కడే ఉండిపోయింది. పేరు మాత్రం ఆయన వెంట వచ్చింది.

పేరుతోపాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఎవరు ఏ సంగతి చెప్పినా, ‘ఎవరు చూశారు? ఎలా చూశారు?’ అని అడగనిదే ఆయనకు తోచదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, ‘ఎవరి నాలుకకు?’ అనే మనిషి. అలాంటివాడితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు ఆవిడకు ఎవరైనా శాలువా కప్పాలని బంధువులు నవ్వుకుంటారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన తన బావమరిది దుకాణంలో కూర్చుని, తన అక్క ఎక్కిన ప్యాసింజర్ బండి కోసం ఎదురుచూస్తున్నారు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ దుకాణం స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. బావమరిదిని అందరూ బాబిన్ అంటారు. మనిషి కూడా మిషన్‌లో దారం చుట్టే ఆ చిన్న చక్రంలాగే పొట్టిగా, గుండ్రంగా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ ఉంటాడు.

అక్కకు కంటి ఆపరేషన్ అయింది. కుడికంటికి ఇంకా కట్టు ఉంది. ఎడమకన్ను సంగతి ముందునుంచీ అంతంతమాత్రమే: ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. తల వంచకూడదు, బరువు ఎత్తకూడదు, దుమ్ములో తిరగకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడా తూలిపడకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. పడితే ఆ కంటిమీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు. కూతురు పనిచేసే మందుల కంపెనీలో ఇచ్చిన సెలవును చివరి నిమిషంలో రద్దు చేశారు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేకంటే తమ్ముడింట్లో ఉండటం నయం అనుకుని, ‘నేను కూర్చుంటే చాలు, నడిచేది రైలే కదే’ అంటూ అక్క ఒక్కతే బయలుదేరింది.

ఈ స్టేషన్లో ఆ బండి ఆగేది గుక్కెడు నీళ్లు తాగేంతసేపు. ఆ కాస్త వ్యవధిలో అక్క ఉన్న పెట్టె కనిపెట్టి, చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా దించాలి. ఆ రోజుకు పాదరసం గారి పని అదొక్కటే.

అందుకోసం ఆయన పొద్దున్నే ఫోన్లో అక్కకు పాఠం చెప్పారు.

“అక్కా, రైల్లో ఎవర్నీ అడక్కు. జనం తలో మాట చెబుతారు. ఊరు దాటిపోయిందనేవాడొకడు, ఇంకా చాలా దూరముందనేవాడొకడు. నీ చెవులు బాగానే ఉన్నాయిగా. పెద్ద ఇనుప వంతెన మీద మోత నీకెలాగూ తెలుస్తుంది. వంతెన దాటాక బండి మొదటిసారి ఆగేది చిన్న హాల్టు. అక్కడ కదలకు. రెండోసారి ఆగేది మా ఊరు. అప్పుడు లేచి తలుపు దగ్గరికి రా. కింద నేనుంటాను.”

“మోత. తర్వాత రెండోది. అంతేగా?” అంది అక్క. “నువ్వు చెప్పావంటే గడియారం చెప్పినట్టే.”

తర్వాత మేనకోడలు ఫోన్ అందుకుంది. “మామయ్యా, అమ్మ సంచిలో నా పాత ఫోన్ పెట్టాను. అందులో రైలు యాప్...”

“రైలు వస్తే నా కళ్లకే కనిపిస్తుందిలే తల్లీ. యాప్ ఎందుకు?” అని ఆయన ఆ మాట అక్కడే తుంచేశారు.

ఆయనకు అవసరం లేని యాప్ బాబిన్‌కు ప్రాణం. రోజంతా స్టేషన్ ఎదురుగా ఉండేవాడు కనుక, ఏ బండి ఎక్కడుందో దారినపోయేవాళ్లు తననే అడుగుతారని, తాను చెప్పకపోతే రైళ్లు దారి తప్పుతాయని అతని నమ్మకం.

“బావగారూ, బండి వంతెన మీదికొచ్చేసింది,” అన్నాడు బాబిన్, ఒక చేత్తో మిషన్‌కు నూనె వేస్తూ, మరో చేత్తో ఫోన్ చూపిస్తూ. తెర మీద ఒక నీలం చుక్క నల్లటి గీత వెంట మెల్లగా జరుగుతోంది.

“ఎవరు చూశారు?”

“యాప్ చూసింది.”

“దానికి కళ్లున్నాయా?”

“శాటిలైట్ ఉంది బావగారూ. పైనుంచి అన్నీ చూస్తూ ఉంటుంది.”

“పైనుంచి అన్నీ చూసేవాడి గురించి మా చిన్నప్పుడు కూడా చెప్పారోయ్. ఇప్పుడు పేరు మార్చారన్నమాట.”

బాబిన్‌కు ఇలాంటి మాటలు కొత్త కాదు. “మీరు నమ్మకపోయినా అది పని చేస్తుంది. నమ్మినవాళ్లకే పనిచేస్తానని పంతం పట్టే రకం కాదు,” అన్నాడు. మాట బాగుందని పాదరసం గారు మనసులోనే ఒప్పుకున్నారు. పైకి మాత్రం దగ్గారు.

చుక్క వంతెన దాటింది. దాటాక కాసేపు నిలిచింది. మళ్లీ కదిలింది. హాల్టు దగ్గర ఆగింది. ఆగి, ఇక కదలలేదు.

“హాల్టులో పడుకుంది,” అన్నాడు బాబిన్. “ఇక ఇప్పట్లో లేవదు. టీ చెప్పనా?”

టీ వచ్చింది, తాగడం అయింది. చుక్క అక్కడే ఉంది. పాదరసం గారు చేయి చాచి ఫోన్ తీసుకున్నారు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, మందుసీసా మీది సూచనలు చదివినట్టు ఆ తెరను అంచు నుంచి అంచు దాకా చదివారు. అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది.

“ఏమోయ్, ఇది చదివావా? ‘బండిలోని ప్రయాణికుల ఫోన్ల నుంచి అందిన సమాచారం. ప్రస్తుతం పంపుతున్నవారు: ఒకరు.’ నీ శాటిలైట్ కాదు రైలును చూసేది. రైల్లో కూర్చున్న ఎవడో ఒకడి ఫోను తానెక్కడుందో చెబుతోంది. దాన్నే వీళ్లు రైలంటున్నారు.”

“ఫోను రైల్లో ఉంటే, ఫోనున్నచోటే రైలు. తేడా ఏముంది?”

“ఇంకోటి. చుక్క గీత మీద లేదు. పక్కకుంది.”

బాబిన్ తొంగిచూశాడు. నిజమే, చుక్క నల్లగీత వదిలి, ఎడమపక్కన ఆకుపచ్చగా ఉన్న జాగాలోకి జరిగి ఉంది. “కొంచెం అటూ ఇటూ అవుతుందిలెండి. మిషన్ మీద కుట్టు కూడా ఒక్కోసారి అంచు దాటుతుంది.”

“కుట్టు దాటితే విప్పి మళ్లీ వేస్తావు. రైలు దాటితే పేపర్లో వేస్తారు.”

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే బయట రైలు కూత వినిపించింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హాల్టులో పడుకుందన్న బండి స్టేషన్లోకి వస్తోంది. బాబిన్ మళ్లీ అందుకున్న ఫోను మాత్రం బండి ఇంకా హాల్టులోనే ఉందని నిక్కచ్చిగా చెబుతోంది.

పాదరసం గారు జీవితంలో మొదటిసారి తన పేరుకు తగ్గట్టు పరుగెత్తారు. ప్లాట్‌ఫారం మీద ఆయన ముందు పెట్టెల వైపు, బాబిన్ వెనక పెట్టెల వైపు వెళ్లారు. తలుపుల దగ్గర తోపులాట. దిగేవాళ్లు సామాన్లు దించుతున్నారు, ఎక్కేవాళ్లు ఆగడం లేదు. ఒక్క తలుపు దగ్గరా కంటికి కట్టుతో ఉన్న మనిషి లేదు. ఎవర్నీ అడగవద్దని పొద్దున పాఠం చెప్పిన మనిషే ఇప్పుడు కిటికీ కిటికీకీ అడిగారు: “కంటికి కట్టున్న పెద్దావిడ ఎవరైనా ఉన్నారా అండీ?”

“ఉన్నట్టున్నారు, ఆ వైపు చూడండి,” అన్నారొకరు. “లేరండీ ఇక్కడ,” అన్నారింకొకరు. “దిగిపోయారేమో,” అన్నది మూడో కిటికీ. ఎక్కడ దిగిపోయారని అడిగేలోగా మూడో కిటికీ కదిలింది. దాని వెనకే మిగతా కిటికీలన్నీ కదిలిపోయాయి. ఖాళీ పట్టాలు మిగిలాయి.

అక్క లేచి తలుపు దాకా రాలేకపోయిందా? లేక వస్తూ పడిపోయిందా? తల వంచకూడదన్న మనిషి ఏ పెట్టెలో ఏ బల్ల అంచుకు తగులుకుందో.

బాబిన్ రొప్పుతూ వచ్చాడు. “దిగలేకపోయి ఉంటారు బావగారూ. బండితోపాటే జంక్షన్‌కు వెళ్లిపోయారు. పదండి, వ్యాన్ తీస్తాను, జంక్షన్‌కు పోదాం.” చేతిలోని ఫోన్‌ను పాచిపోయిన పదార్థాన్ని చూసినట్టు చూశాడు. “ఇదొక అబద్ధాల పుట్ట. ఇన్నాళ్లు దీన్ని నమ్మి జనానికి దారి చెప్పాను చూడండి, నన్ననాలి.”

పచ్చజెండా చుడుతూ స్టేషన్ మాస్టర్ వాళ్ల వైపు వచ్చింది. నడివయసు మనిషి. కుట్టుమిషన్ విషయంలో బాబిన్‌కు పాత పరిచయం. సంగతి విని, వాళ్లను తన గదిలోకి తీసుకెళ్లి, ముందు జంక్షన్‌కు ఫోన్ చేసింది. కంటికి కట్టున్న పెద్దావిడ, ఒంటరిగా, ఒళ్లో సంచి; బండి ఆగగానే పెట్టె పెట్టె వెతకాలి అని చెప్పింది. ఫోన్ పెట్టేసి అంది: “అక్కడ మావాళ్లు చూస్తారు. మీరు కంగారు పడకండి. అసలు బండి ఇంకాస్త ముందే రావాల్సింది. ముందున్న గూడ్స్ తప్పుకోలేదని వంతెన దాటగానే సిగ్నల్ దగ్గర ఆపారు.”

పాదరసం గారు తలెత్తారు. “వంతెన దాటాకా?”

“అవునండీ.”

“హాల్టుకు ముందా?”

“ముందే. వంతెనకూ హాల్టుకూ మధ్య.”

మోత. తర్వాత రెండోది. ఆయనకు అక్క గొంతు చెవిలో వినిపించింది. మొదటిసారి ఆగింది సిగ్నల్ దగ్గర. రెండోసారి ఆగింది హాల్టులో. తాను చెప్పినట్టే, పొల్లుపోకుండా లెక్కపెట్టి, ఆమె హాల్టులో దిగింది.

“నీ చుక్క అబద్ధం చెప్పలేదోయ్,” అన్నారు మెల్లగా.

ఆయనకు ఉద్యోగం తొలిరోజుల సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒకనాడు ఉష్ణమాపకం నమ్మశక్యం కాని వేడి చూపించింది. పాడైపోయిందని పారేయబోతే పై అధికారి చెయ్యి పట్టుకుని ఆపాడు. తీరా చూస్తే పెట్టె తలుపు సరిగా పడక, దాని మీద నేరుగా ఎండ పడుతోంది. గాలి ఎంత వేడిగా ఉందని వీళ్లు అడిగితే, ఎండ ఎంత తీవ్రంగా ఉందో అది చెప్పింది. పరికరం తప్పు చెప్పిందంటే, చాలాసార్లు అది మనం అడగని మరో ప్రశ్నకు సరైన జవాబు చెప్పిందని అర్థం.

“రైలెక్కడుందని నువ్వడిగావు. ఒక ఫోనెక్కడుందో అది చెప్పింది. రైలు వచ్చింది, ఫోను రాలేదు. అంటే ఆ ఫోను హాల్టులో దిగింది. ఎవరిదా ఫోను?” అన్నారాయన. పొద్దున తాను తుంచేసిన మాట ఇప్పుడు మిగతా సగంతో సహా తిరిగొచ్చింది. “మా మేనకోడలికి చెయ్యి.”

మేనకోడలు చాలాసేపటికి గానీ ఎత్తలేదు. “పొద్దున చెప్పబోతే మీరు వింటేనా మామయ్యా,” అంది. “యాప్‌లో ‘నేను ఈ బండిలోనే ఉన్నాను’ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కి, ఫోన్ అమ్మ సంచిలో అడుగున పెట్టాను. బండి ఎక్కడుందో మీకు తెలుస్తుందని. ఆసుపత్రి వాళ్లు సైలెంట్‌లో పెట్టమన్నారు. మళ్లీ మార్చడం మర్చిపోయాను. ఇందాకణ్నుంచి నేనూ చేస్తూనే ఉన్నాను. అమ్మ దిగింది కదా?”

“దిగింది తల్లీ,” అన్నారు పాదరసం గారు. ఎక్కడ దిగిందో మాత్రం చెప్పలేదు.

బాబిన్ మాత్రం ఇప్పుడు పూర్తిగా అవతలి ఒడ్డుకు చేరిపోయాడు. “ఫోను దిగిందంటే వదినగారు దిగారనేముంది? సంచి ఎవడైనా కొట్టేసి హాల్టులో దిగి ఉంటే? ఆవిడ జంక్షన్‌లో మన కోసం చూస్తుంటారు, మనం ఇక్కడ దొంగ వెనక తిరుగుతుంటాం.”

ఆ అనుమానంలో బలముంది. యాప్‌ను నమ్మనివాడు దాన్ని పట్టుకోవడమూ, నమ్మినవాడు వదిలేయడమూ చూసి స్టేషన్ మాస్టర్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. “హాల్టులో మావాళ్లెవరూ ఉండరండీ, ఒక షెడ్డూ ఒక బోర్డూ తప్ప. అటు మీరు వెళ్లండి. ఇటు జంక్షన్ సంగతి నేను చూస్తాను. ఏ కబురైనా వెంటనే చెబుతాను,” అంది.

“నీ మాట కొట్టిపారేయడం లేదోయ్,” అన్నారు పాదరసం గారు బాబిన్‌తో, మెట్లు దిగుతూ. “కానీ దొంగైతే ఫోను ఇంకా హాల్టు పక్కనే ఎందుకుంటుంది? వాడు పారిపోవాలిగా. పైగా మా అక్క సంగతి నాకు తెలుసు. రెండోసారి ఆగితే దిగమంటే దిగుతుంది. తప్పు ఆవిడ లెక్కలో లేదు. నేనిచ్చిన లెక్కలో ఉంది. బండి స్టేషన్లలోనే ఆగుతుందనుకున్నాను.”

కుట్టుమిషన్లు మోసే చిన్న వ్యాన్ అది. వెనక రెండు మిషన్లు తాళ్లతో కట్టి ఉన్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా రెండూ కలిసి పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. బాబిన్ నడుపుతుంటే పాదరసం గారు ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని, చిన్నపిల్లవాడికి దీపం అప్పగించినట్టు కూర్చున్నారు. కళ్లు తెర మీంచి తిప్పలేదు. జీవితంలో ఎన్నో అంకెలు చూశారు గానీ, ఒక్క అంకెనైనా ఇలా బతిమాలుకుంటూ చూడలేదు. కదలకు అక్కా. అక్కడే ఉండు. పట్టాల వైపు రాకు.

సగం దారిలో చుక్క నీలం నుంచి బూడిదరంగుకు మారింది. కింద అక్షరాలు కూడా మారాయి: ‘ప్రస్తుతం పంపుతున్నవారు: ఎవరూ లేరు.’

“ఏమైంది?” అన్నాడు బాబిన్, ఆయన ముఖం చూసి.

“ఆరిపోయింది. చార్జింగ్ అయిపోయినట్టుంది.” ఆ మాట అంటూనే ఆయన కళ్లు మూసుకుని, ఆరిపోకముందు చూసిన బొమ్మను తలలో మళ్లీ గీసుకున్నారు. పట్టాలకు ఎడమవైపు. షెడ్డు దాటాక. పొడుగ్గా, దీర్ఘచతురస్రంలాంటి ఆకుపచ్చ జాగా. వేళకు తలుపు తెరిచి ఒక్క చూపులో కొలత పట్టే అలవాటు ఇన్నాళ్లకు ఇలా అక్కరకొచ్చింది.

హాల్టు దగ్గర షెడ్డు ఖాళీగా ఉంది. బల్ల మీద ఎవరూ లేరు. ఆయన ముందు పట్టాల మీదికి ఆ వైపూ ఈ వైపూ చూశారు. అక్కడెవరూ లేరు. చూడటానికి ఎంత భయపడ్డారో చూశాకే తెలిసింది. తర్వాత ఎడమవైపు తిరిగారు. అక్కడ పచ్చటి నీడవల కప్పిన పొడవాటి పందిరి, దాని కింద వరసలుగా కుండీలు. ఒక మొక్కల నర్సరీ. మ్యాప్‌లోని ఆకుపచ్చ జాగా అదే.

పందిరి గుమ్మంలో చీరచెంగు నడుముకు బిగించిన ఒకావిడ ఎదురొచ్చింది. “ఏం కావాలండీ? మొక్కలా, మనిషా?”

“మనిషే,” అన్నారు పాదరసం గారు.

“అయితే కొలతలాయన మీరేనన్నమాట. రండి, లోపలున్నారు. ఇంతసేపూ మీ కథలే చెబుతున్నారు.”

లోపల ఆకుపచ్చ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అక్క కూర్చుని ఉంది. తల నిటారుగా ఉంది, సంచి ఒళ్లో ఉంది, కట్టు చెక్కుచెదరలేదు. పక్కనున్న మొక్క ఆకుల్ని వేళ్లతో తడిమి చూస్తోంది.

“ఆ అడుగుల చప్పుడు మా తమ్ముడిదే,” అంది తల తిప్పకుండానే. “ఇంత తీరిగ్గా ఇంకెవరు నడుస్తారు?”

పాదరసం గారు ఆమె పక్కన నేల మీదే కూలబడ్డారు. “అక్కా, నువ్వు సరిగానే లెక్కపెట్టావు. మధ్యలో బండి సిగ్నల్ దగ్గర ఆగింది. అది నేను లెక్కలో వెయ్యలేదు. తప్పు నాది.”

“అదే అనుకున్నాను. ఇది మీ ఊరు కాదమ్మా అని ఈవిడ చెప్పింది. ఫోన్ చేస్తాను నంబరు చెప్పమంది. నంబర్లన్నీ ఇంట్లో గోడ మీద రాసుకునేదాన్ని, నాకు గుర్తెక్కడుంటాయి? కంగారు పడకమ్మా, మావాడు లెక్కలో ఏదో ఒకటి వదిలేసి ఉంటాడు, అదేదో కనిపెట్టాక వాడే వస్తాడు, అప్పటిదాకా కూర్చుంటానన్నాను. కొంచెం ఆలస్యం చేశావు గానీ, ఫరవాలేదు.”

“సంచిలో ఫోనుందిగా వదినగారూ,” అన్నాడు బాబిన్.

“ఎవరూ, బాబినా? ఉందా? మా అమ్మాయి అడుగున పెట్టానంది, నేను మర్చేపోయాను. అయినా డాక్టరు తెర చూడొద్దన్నాడుగా. నువ్వు నాలుగు రోజులు చూడకుండా ఉండగలవా?”

అక్క దిగిన వైనం ఒక్కొక్కటే బయటికొచ్చింది. హాల్టులో ప్లాట్‌ఫారం బాగా కిందికి ఉంటుంది. ఆమె తలుపు దగ్గర తడబడుతుంటే, ఎవరో ప్రయాణికుడు ముందుగా కిందికి దూకి, ఆమె పాదాన్ని చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టించాడు. పైనుంచి మరొకావిడ భుజం పట్టుకుంది. ఆమెను నేల మీద నిలబెట్టాక బండి కదలడంతో అతను పరుగెత్తి ఎక్కేశాడు. పేరు చెప్పలేదు. ముఖం పోల్చుకునేంత చూపు ఆమెకు లేదు. “చెయ్యి మాత్రం గరుకుగా ఉంది,” అంది అక్క. “అంతకంటే ఆనవాలు చెప్పలేను.”

నర్సరీ ఆవిడ అప్పుడే షెడ్డు పక్కన మట్టీ ఎరువూ కలుపుతోంది. మండుటెండలో కంటికి కట్టుతో ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూసి, చెయ్యి పట్టుకుని నీడకు తీసుకొచ్చింది. కంట్లో దుమ్ము పడకూడదని తెలిసి ఆ పూటకు మట్టి పని మానేసింది. గాలికి రేగకుండా కుప్ప మీద తడిపిన గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. పాదరసం గారు ఆ తడి గోనెపట్టాల వైపు చాలాసేపు చూశారు.

కృతజ్ఞత చెప్పాలనుకున్నారు. ధన్యవాదాలు అన్న మాట ఆయన నోట సభల్లో తప్ప ఎన్నడూ రాలేదు. ఇక్కడ అది అరువు తెచ్చుకున్న కోటులా ఉంటుందనిపించింది. చివరికి, “మీ పని ఆపేశారు,” అన్నారు.

“మట్టి ఎక్కడికి పోతుందండీ? రేపు కలుపుతాను,” అందావిడ. బయలుదేరేటప్పుడు చిన్న పుదీనా కుండీ ఒకటి అక్క చేతిలో పెట్టింది. “కట్టు విప్పేదాకా దీన్ని వాసనతో చూసుకోండి.”

ఇంటికి తిరిగి వస్తుంటే ముందు సీట్లో అక్క, వెనక మిషన్ల మధ్య కుండీ పట్టుకుని పాదరసం గారు. స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ చేసి చెబితే, జంక్షన్‌లో అప్పటికే ముగ్గురు మనుషులు పెట్టెలన్నీ రెండుసార్లు వెతికారని, వాళ్లకు ఇప్పుడే కబురు చెబుతానని అంది. ఎన్నడూ చూడని ఆ ముగ్గురూ, ఎన్నడూ చూడని తన అక్క కోసం బల్లల కింద వంగి చూడటం ఆయన కళ్లకు కట్టింది. మేనకోడలికి కూడా చేసి, ఈసారి ఏదీ దాచకుండా చెప్పారు. ఆమె ఏడ్చి, తిట్టి, మళ్లీ ఏడ్చింది.

“అంతా పైవాడి దయ బావగారూ,” అన్నాడు బాబిన్, అద్దంలోంచి చూస్తూ.

“శాటిలైటా?”

“మీరు మారరు.”

“పైవాళ్ల సంగతి నాకు తెలియదోయ్. ఇవాళ నన్ను కాపాడినవాళ్లంతా నేల మీదే ఉన్నారు. అందులో సగంమంది ముఖాలైనా నాకు తెలియవు. ఎవరికని కృతజ్ఞత చెప్పను?”

“చెప్పకపోతే ఊరుకుంటావా నువ్వు?” అంది అక్క ముందు నుంచి. “రాత్రంతా దొర్లుతావు. ఏదో ఒక దారి చూసుకో.”

కట్టు విప్పే రోజున పాదరసం గారే అక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. కన్ను దక్కిందన్నాడు డాక్టరు. దీపం వెలిగించి, అటు చూడమని ఇటు చూడమని, తృప్తిగా తలాడించాడు. అక్క ముందు డాక్టర్ని చూసింది, తర్వాత తమ్ముడి వైపు తిరిగి చాలాసేపు చూసింది. “తల ఇంత ఎప్పుడు నెరిసిందిరా?” అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తిరుగు ప్రయాణం అదే ప్యాసింజర్ బండిలో. అక్క కిటికీ పక్కన కూర్చుని, కనిపించిన ప్రతిదాన్నీ పేరుపెట్టి చెబుతోంది: చెరువు, లారీ, ఆరేసిన దుప్పట్లు, తలుపు మీద ఊడిపోయిన రంగు. బండి కదలగానే పాదరసం గారు తన ఫోన్ తీశారు. అందులో ఇప్పుడు ఆ యాప్ ఉంది. ‘నేను ఈ బండిలోనే ఉన్నాను’ అన్న మీట నొక్కి, ఫోన్‌ను కిటికీ ఊచల దగ్గర, సిగ్నల్ బాగా అందే చోట పట్టుకుని కూర్చున్నారు.

“ఎవరికి చెబుతున్నావు?” అంది అక్క.

“తెలియదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఈ బండి కోసం చూస్తుంటారుగా.”

అక్క ఊచల దగ్గరి ఫోన్ వైపు చూసింది. తర్వాత అంది: “మంచి పనే. కానీ దిగగానే ఆ మీట ఆపడం మర్చిపోకు. లేకపోతే పాపం వాళ్లంతా రైలెక్కడానికి మనింటికొస్తారు.”

ఇనుప వంతెన మోత వచ్చింది, పోయింది. దాని తర్వాత బండి ఒకచోట ఆగింది. పాదరసం గారు కిటికీలోంచి చూసి, అయినా పక్కనున్న ప్రయాణికుణ్ని అడిగారు: “ఇది హాల్టేనా అండీ?” హాల్టేనని అతను చెప్పాడు. నీడవల కింద ఎవరో వంగి కుండీల్లో మట్టి నింపుతున్నారు. అక్క చెయ్యి బయటపెట్టి ఊపింది. ఆ మనిషి లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మట్టి చేతినే ఊపింది.

ఊళ్లో దిగేసరికి బాబిన్ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నాడు. ఫోన్ ఎత్తి చూపిస్తూ, “యాప్ సరిగ్గా చెప్పింది బావగారూ. బండి అణువంతైనా గీత దాటలేదు,” అన్నాడు.

పాదరసం గారు ముందు అక్కను దించారు. తర్వాత మీట ఆపడానికి ఫోన్ తీశారు. ఆపబోతూ అడిగారు:

“ఎవరు చూశారు?”

బాబిన్ తెరను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, అట్టడుగు అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు.

“ఒకరు.”